ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్: దూరం 1,874 కిలోమీటర్లు, ప్రయాణం మూడు గంటలు, మరి గడియారంలో నాలుగెందుకు?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. అక్టోబరు చివరి ఆదివారానికి ముందు శుక్రవారం వాళ్లను లిస్బన్ తీసుకెళ్లి, సోమవారం పొద్దున తిరిగి వద్దామని అనుకుంటున్నాం. ఒక వెబ్‌సైట్‌లో చూస్తే దూరం 1,874 కిలోమీటర్లు, విమాన సమయం 2 గంటల 20 నిమిషాలు అని ఉంది. టికెట్ల సైట్‌లో మాత్రం వెళ్లేటప్పుడు 9:30కి బయల్దేరి 11:40కి చేరుతుందని ఉంది, అంటే 2 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడేమో 8:00కి బయల్దేరి 12:00కి దిగుతుందట, అంటే నాలుగు గంటలు! పోయిన దారే కదా, ఇంత తేడా ఏమిటి? మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా? అదే సోమవారం మధ్యాహ్నం 3:30కి అమ్మానాన్నలకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ విమానం ఉంది. అది విడిగా కొన్న టికెట్. 8:00కి ఎక్కితే పదిన్నరకల్లా దిగిపోతాం కాబట్టి సమయం సరిపోతుందనుకుంటున్నాను. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్

సమాధానం: ముందు ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. పదిన్నరకు దిగరు. ఫ్రాంక్‌ఫర్ట్ గడియారం ప్రకారం మధ్యాహ్నం 12:00కి దిగుతారు, అది కూడా అంతా సవ్యంగా జరిగితే. సోమవారం రావాలన్న ఆలోచన మానుకుని ఆదివారమే వచ్చేయండి. ఎందుకో వివరంగా చెబుతాం.

మీరు చూసిన రెండు విమానాలూ నేరుగా వెళ్లేవే, ఎక్కడా ఆగవు. టికెట్ మీద ముద్రించే సమయాలు ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. లిస్బన్ గడియారం ఫ్రాంక్‌ఫర్ట్ కంటే గంట వెనక నడుస్తుంది. వెళ్లేటప్పుడు 9:30కి బయల్దేరి లిస్బన్ గడియారంలో 11:40కి దిగుతారు. ఆ సమయానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 12:40. అంటే ప్రయాణం 3 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడు లిస్బన్‌లో 8:00 అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో 9:00. దిగేది 12:00కి. ప్రయాణం 3 గంటలు. అంటే పోవడానికీ రావడానికీ అసలు తేడా పది నిమిషాలే. మీకు కనిపించిన మిగతా తేడా అంతా ఒక పక్క గంట తగ్గడం, ఇంకో పక్క గంట పెరగడం వల్ల వచ్చింది.

టికెట్ల సైట్లు చాలావరకు ప్రయాణ వ్యవధిని కూడా పక్కన చిన్న అక్షరాల్లో ఇస్తాయి. వ్యవధి కోసం దాన్నే నమ్మండి. బయల్దేరే సమయం, దిగే సమయం మీరే తీసివేసుకోవద్దు.

మీ తేదీల్లో ఇంకో మెలిక ఉంది. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున యూరోపియన్ యూనియన్ దేశాల్లో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. జర్మనీ, పోర్చుగల్ రెండూ ఒకే క్షణంలో, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఒంటిగంటకు, మారతాయి. కాబట్టి రెండింటి మధ్య ఆ గంట తేడా అలాగే ఉంటుంది, సమయాలు మళ్లీ లెక్క కట్టాల్సిన పనిలేదు. మారేది భారత్‌తో ఉన్న తేడా. ఫ్రాంక్‌ఫర్ట్‌కీ మనకీ మధ్య మూడున్నర గంటలు ఉండేది ఆ రోజు నుంచి నాలుగున్నర అవుతుంది, లిస్బన్‌తో అయిదున్నర. కరీంనగర్‌కు ఫోన్ చేసి ఏ వేళకు ఎక్కడ ఉంటారో చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నాన్నగారి చేతిగడియారం ఇంకా భారత కాలమానంలోనే ఉంటే ఆ మూడు రోజులు పక్కన పెట్టించడం మంచిది. ఫోన్ క్యాలెండర్‌లో 8:00 విమానం అని జర్మనీలో ఉండి రాసుకుంటే, లిస్బన్‌లో దిగాక కొన్ని ఫోన్లలో అది 7:00 అని కనిపిస్తుంది. గంట ముందు చూపిస్తే నష్టం లేదు. లిస్బన్‌లో ఉండి రాసుకున్నది జర్మనీలో చూసి గంట ఆలస్యంగా బయల్దేరేవాళ్లే దెబ్బ తింటారు. కాగితం మీద స్థానిక సమయం రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ఇక ఆ 2 గంటల 20 నిమిషాలు ఎక్కడిది? దూరం చెప్పే వెబ్‌సైట్లు చేసేది ఒకే పని: రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దారిని కొలిచి, దాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగిస్తాయి. 1,874ను 800తో భాగిస్తే సరిగ్గా 2 గంటల 20 నిమిషాలు వస్తుంది. భాగహారం తప్పు కాదు. కానీ ఏ విమానమూ గేటు దగ్గర నుంచే 800 వేగంతో బయల్దేరి, అదే వేగంతో వచ్చి గేటు దగ్గర ఆగదు.

దూరం అంకె మాత్రం సరైనదే. వేరే చోట 1,890 కనిపిస్తే అది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు కొలిచినది. 1,164 అని ఉంటే మైళ్లు. 1,012 అని ఉంటే నాటికల్ మైళ్లు, పైలట్లు వాడేది అదే. రోడ్డు మీద అయితే సుమారు 2,300 కిలోమీటర్లు. నాలుగూ ఒకే ప్రయాణానికి చెందిన అంకెలు, కంగారు పడొద్దు.

ఈ దారి భూమి మీద ఎక్కడెక్కడ పడుతుందో తెలిస్తే ఆలస్యాలకు కారణాలు కూడా తెలుస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నైరుతి దిక్కుగా మెట్స్ పరిసరాల్లో ఫ్రాన్స్‌లోకి ప్రవేశించి, ఆ దేశాన్ని ఐమూలగా కోసుకుంటూ అట్లాంటిక్ తీరానికి చేరుతుంది. మొత్తం దారికి సరిగ్గా సగం బోర్డో నగరానికి నైరుతిగా ఉన్న అర్కాషోన్ అఖాతం దగ్గర పడుతుంది. అక్కడి నుంచి బిస్కే సముద్రం మూల మీదుగా బిల్బావో దగ్గర స్పెయిన్ తీరం, ఆ తర్వాత సలమాంకాకు కాస్త పడమరగా వెళ్లి పోర్చుగల్. అంటే మొదటి సగం దాదాపు అంతా ఫ్రాన్స్ మీదే. మీరు ఫ్రాన్స్‌లో కాలు పెట్టకపోయినా మీ సమయం ఫ్రాన్స్ చేతిలో ఉంటుంది, దాని సంగతి కింద చూద్దాం.

అసలు ఎగిరేది ఈ గీత మీద కూడా కాదు. ఆకాశంలో విమానాల రాకపోకలను నడిపించే కంట్రోలర్లు ఇచ్చే దారులు, సైనిక విన్యాసాలకు మూసిన గగనతలం, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ తిరిగే మలుపులు కలిపితే దూరం నాలుగైదు శాతం పెరిగి 1,950 కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320 కుటుంబం విమానం పైకి చేరాక మాక్ 0.78 వేగంతో (ధ్వని వేగంలో 78 శాతం), అంటే ఆ ఎత్తులోని చల్లటి గాలిలో గంటకు సుమారు 830 కిలోమీటర్లతో వెళ్తుంది. అది కూడా గాలితో పోల్చిన వేగమే. గాలి ఎటు వీస్తే అటు నేల మీద వేగం మారుతుంది.

వెళ్లేటప్పటి మూడు గంటల పది నిమిషాలను విడగొడితే సుమారుగా ఇలా ఉంటుంది. గేటు నుంచి వెనక్కి నెట్టి, ఇంజన్లు స్టార్ట్ చేసి, రన్‌వే దాకా పాకడానికి 15 నుంచి 20 నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద విమానాశ్రయం, నాలుగు రన్‌వేలు. వాటిలో పడమటి చివరిది దక్షిణం వైపు ఎగరడానికి మాత్రమే వాడతారు, టెర్మినల్ నుంచి అక్కడికే చాలా దూరం. పైకెక్కడానికి 20 నిమిషాలు, ఆ వేళకు 200 కిలోమీటర్లు కవరవుతాయి. పైన సమంగా సాగే దూరం సుమారు 1,500 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకుంటే దానికి 117 నిమిషాలు. కిందికి దిగి రన్‌వే తాకడానికి 25 నుంచి 30. దిగాక గేటు దాకా అయిదారు నిమిషాలు. అన్నీ కలిపితే మూడు గంటలు దాటి కొద్ది నిమిషాలు.

అదే 60 కిలోమీటర్ల గాలి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. 1,500 కిలోమీటర్లకు 117 బదులు 101 నిమిషాలు చాలు, పదహారు నిమిషాల లాభం. ఈ అక్షాంశాల్లో పై గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. శీతాకాలంలో జెట్ స్ట్రీమ్ అనే ఆ పై గాలి ప్రవాహం బలపడి 120 దాకా పోతే పోను 127, రాను 95, తేడా అరగంట. వేసవిలో తేడా తగ్గుతుంది. మీరు వెళ్లే అక్టోబరు చివర రెండింటికీ నడిమి కాలం, కాబట్టి ఏ రోజు ఎలా ఉంటుందో ఆ రోజు వాతావరణమే చెప్పాలి. ఎయిర్‌లైన్స్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడు సీజన్ సగటు గాలి చూసి, పైన కొంత వెసులుబాటు కలిపి వేస్తాయి. అందుకే గాలి తోడైన రోజున 20 నిమిషాలు ముందే దిగి, గేటు ఖాళీ లేక ట్యాక్సీవే మీద కూర్చోబెట్టడం కూడా జరుగుతుంటుంది.

లిస్బన్‌లో దిగడం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంత రద్దీ ఉన్న రాజధానికి వాడుకలో ఉన్నది ఒక్కటే రన్‌వే. అక్కడ గాలి ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, ఈశాన్యం నుంచి వచ్చిన మీ విమానం ఊరి పక్క నుంచే దక్షిణానికి దాటిపోయి, తేజో నదికి ఆవల తిరిగి, మళ్లీ ఉత్తరంగా వచ్చి దిగుతుంది. ఊరు కిటికీలో కనిపించాక కూడా పది పదిహేను నిమిషాలు పడుతుందంటే కారణం ఇదే. వరుసలో ముందు నాలుగు విమానాలుంటే ఇంకో చుట్టు. అలా తిరిగి వచ్చేటప్పుడు ఎర్రటి ఏప్రిల్ 25 వంతెన దాదాపు కిందే ఉంటుంది, పాత నగరమూ నదీతీరంలోని పెద్ద చౌకూ కుడి వైపు కనిపిస్తాయి. అమ్మానాన్నలకు వెళ్లేటప్పుడు కుడి వైపు కిటికీ సీటు తీసుకోండి. గాలి దక్షిణం నుంచి ఉన్న రోజున మాత్రం విమానం ఉత్తరం నుంచి నేరుగా దిగుతుంది, ఈ దృశ్యం ఉండదు, పది నిమిషాలు కలిసొస్తాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేటప్పుడు ఇబ్బంది వేరు. 2011లో తెరిచిన వాయవ్య రన్‌వే దిగడానికి మాత్రమే. దాని మీద దిగితే ఆటోబాన్ (జర్మనీ హైవే) మీదుగా కట్టిన వంతెనల మీద నుంచి విమానం నిదానంగా పాక్కుంటూ టెర్మినల్ చేరాలి. చక్రాలు నేలను తాకాక పది, పన్నెండు నిమిషాలు మామూలే. బస్సులో దింపే చోట నిలిపితే ఇంకో పది.

ఇంకే రెండు ఊళ్లకైనా మీరే లెక్క కట్టుకోవాలంటే ఒక మోటు సూత్రం చాలు. దూరాన్ని 800తో భాగించండి, దానికి 45 నిమిషాలు కలపండి. టికెట్ మీద ఉండే వ్యవధికి దగ్గరగా వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ – వియన్నా 620 కిలోమీటర్లు: 47 నిమిషాలు, 45 కలిపితే గంటన్నర. పారిస్ – ఏథెన్స్ సుమారు 2,100 కిలోమీటర్లు: 2 గంటల 37 నిమిషాలు, 45 కలిపితే 3 గంటల 20. దూరప్రయాణం అయితే పడమరకు పది నిమిషాలు కలపండి, తూర్పుకు పది తీసేయండి. ఆ 45 నిమిషాలు దూరంతో పెద్దగా మారవు. అందుకే చిన్న దూరాలకు వెబ్‌సైట్ చెప్పేది దారుణంగా తప్పుతుంది.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత కొన్ని రోజుల చరిత్ర చూడండి. అక్కడ ఒక చిక్కు ఉంది. అది చూపే అసలు బయల్దేరిన సమయం విమానం నేల విడిచిన క్షణం, దిగిన సమయం నేలను తాకిన క్షణం. టికెట్ సమయాలు గేటు నుంచి గేటుకు. కాబట్టి అక్కడ వ్యవధి ఎప్పుడూ పాతిక నిమిషాలు తక్కువ కనిపిస్తుంది, బయల్దేరడం ఎప్పుడూ పావుగంట లేటుగా కనిపిస్తుంది. ఆ పావుగంట ఆలస్యం కాదు. సగటు చూడొద్దు. ఆ రోజుల్లో అన్నిటికంటే లేటుగా దిగిన రోజు ఎంత లేటో చూడండి, కనెక్షన్ ప్లాన్ చేసుకోవడానికి పనికొచ్చే అంకె అదే.

ఇప్పుడు ఆలస్యాల సంగతి. యూరప్ గగనతలంలో ఏదైనా భాగం పట్టలేనంత రద్దీ అయితే, బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్ నెట్‌వర్క్ మేనేజర్ ఒక్కో విమానానికి నేల విడవాల్సిన సమయం కేటాయిస్తుంది. దాన్నే స్లాట్ అంటారు. దానికి 5 నిమిషాలు ముందు నుంచి 10 నిమిషాలు తర్వాత వరకు మాత్రమే ఎగరాలి. ప్రయాణికులందరూ ఎక్కి కూర్చున్నాక ‘మనకు స్లాట్ 50 నిమిషాల తర్వాత వచ్చింది’ అని కెప్టెన్ ప్రకటించేది ఇదే. తలుపులు మూసి కూర్చోబెట్టడానికి కారణం, స్లాట్ ముందుకు జరిగితే వెంటనే కదలాలి. ఫ్రాన్స్‌లో కంట్రోలర్లు సమ్మె చేస్తే పారిస్ వెళ్లేవాళ్లకే కాదు, మీ దారిలో సగం ఫ్రాన్స్ మీదే కాబట్టి మీకూ తగులుతుంది. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు ఆ వార్తలు చూస్తూ ఉండండి, సమ్మెలకు సాధారణంగా ముందే నోటీసు ఉంటుంది. ఇక అక్టోబరు చివర ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దుటి పూట పొగమంచు. మంచు పట్టినప్పుడు దిగే విమానాల మధ్య ఎడం పెంచుతారు, గంటకు దిగే సంఖ్య పడిపోతుంది, ఆ ఆలస్యం లిస్బన్ గేటు దగ్గరే మొదలవుతుంది.

వీటన్నిటినీ మీ సోమవారం మీద పెట్టి చూద్దాం. సమయానికి వస్తే 12:00కి గేటు. దిగి, లగేజీ తీసుకుని బయటికి రావడానికి 12:45. దుబాయ్ విమానం వేరే టెర్మినల్ అయితే అక్కడికి చేరడానికి ఇంకో 25 నిమిషాలు, 1:10. చెకిన్ కౌంటర్ విమానానికి గంట ముందు మూసేస్తారు, కొందరు ఇంకా ముందే. అంటే 2:30. చేతిలో మిగిలేది గంటా ఇరవై నిమిషాలు. ఒక్క స్లాట్ ఆలస్యం, దానికి లగేజీ బెల్టు ఆలస్యం తోడైతే అది ఆవిరవుతుంది. పైగా హైదరాబాద్ తీసుకెళ్లే పెద్ద పెట్టెలు ఎక్కడ ఉంటాయో మీరు రాయలేదు. ఇంట్లో ఉంటే ఇంటికెళ్లి రావాలి, కుదరదు. లిస్బన్ మోసుకెళ్తే యూరప్ లోపలి టికెట్‌లో అంత బరువుకు విడిగా కట్టాలి. విమానాశ్రయంలో సామాను భద్రపరిచే కౌంటర్‌లో పెట్టొచ్చు, కానీ అక్కడి క్యూ కూడా ఆ గంటా ఇరవై నిమిషాల్లోంచే పోవాలి.

చెకిన్ అయ్యాక పాస్‌పోర్ట్ కంట్రోల్ ఉంటుంది. లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ షెంగెన్ (తమలో తమకు సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) లోపలి ప్రయాణం, పాస్‌పోర్ట్ తనిఖీ ఉండదు. దుబాయ్‌కి మాత్రం షెంగెన్ దాటి వెళ్లాలి. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ అనే కొత్త పద్ధతిలో విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ల రాకపోకలను ముద్ర బదులు కంప్యూటర్‌లో నమోదు చేస్తున్నారు, ఫొటో తీస్తారు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మీకు ఇది వర్తించదు, మీ వరుస చూసి వాళ్ల వరుస అంచనా వేయొద్దు. పెద్దవాళ్లిద్దరూ మీరు లేకుండా ఆ లైన్లో నిలబడాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవి. లిస్బన్ విమానం లేటయి దుబాయ్ విమానం తప్పితే, దుబాయ్ విమానం కంపెనీ దృష్టిలో మీ అమ్మానాన్న రానివాళ్లు మాత్రమే. తర్వాతి విమానంలో ఉచితంగా ఎక్కించాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. లిస్బన్ విమానం కంపెనీకి ఆ రెండో టికెట్ సంగతే తెలియదు. అదే లిస్బన్ – ఫ్రాంక్‌ఫర్ట్ – హైదరాబాద్ అంతా ఒకే బుకింగ్‌లో ఉండి ఉంటే, కనెక్షన్ తప్పినా చేర్చాల్సిన పూచీ కంపెనీదే అయ్యేది.

కాబట్టి ఆదివారం రండి. పొద్దుటి లేదా మధ్యాహ్నపు విమానం తీసుకోండి. ఆదివారం రాత్రి చివరిది వద్దు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకు విమానాల రాకపోకలపై నిషేధం ఉంది. చివరి విమానం బాగా లేటయితే వేరే ఊళ్లో దింపడమో, ఆ రాత్రికి రద్దు చేయడమో జరగొచ్చు. పైగా రోజంతా తిరిగిన విమానం పొద్దుటి నుంచి పోగుపడిన ఆలస్యాన్ని సాయంత్రానికి మోసుకొస్తుంది. పొద్దున మొదటి విమానానికి ఆ బాధ తక్కువ, రాత్రి అక్కడే నిలిపిన విమానం కాబట్టి.

ఇంత చెప్పాక 1,874 అనే అంకె దేనికైనా పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన కింద విమానం గమ్యానికి మూడు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలి, ఎంతన్నది దూరాన్ని బట్టి. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు. యూనియన్ లోపలే 1,500 దాటితే 400 యూరోలు. కొలవాల్సింది కూడా ఈ గోళం మీది దగ్గరి దూరమే, విమానం నిజంగా ఎన్ని చుట్లు తిరిగిందో కాదు. మీది 1,874 కాబట్టి మనిషికి 400, ముగ్గురికి 1,200. చేరిన సమయం అంటే నేలను తాకిన క్షణం కాదు, విమానం కనీసం ఒక తలుపు తెరిచిన క్షణం. 2014లో యూరోపియన్ న్యాయస్థానం ఇదే తేల్చింది. మూడు గంటల గీత దగ్గర ఊగిసలాడే రోజున తలుపు తెరిచినప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, సమయం దానిలో ఉంటుంది.

తుపాను, కంట్రోలర్ల సమ్మె, విమానాశ్రయం మూసివేత లాంటివి కంపెనీ చేతిలో లేనివి, వాటికి ఈ డబ్బు రాదు. విమానంలో సాధారణ సాంకేతిక లోపం ఆ కోవలోకి రాదు, దానికి వస్తుంది. డబ్బు వచ్చినా రాకపోయినా, ఈ దూరానికి బయల్దేరడం మూడు గంటలు లేటయితే తిండీ నీళ్లూ ఇవ్వాలి, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ ఇవ్వాలి. అయిదు గంటలు దాటితే ప్రయాణం మానుకుని టికెట్ డబ్బు వెనక్కి అడగొచ్చు. బోర్డింగ్ పాస్, ఆలస్యం గురించి వచ్చిన మెసేజ్‌లు, కొన్న తిండి బిల్లులు దాచి, ముందు కంపెనీ వెబ్‌సైట్‌లోని ఫారం ద్వారా అడగండి. వోచర్ ఇస్తామంటే డబ్బే కావాలని రాయొచ్చు. జర్మన్ చట్టం కింద గడువు మూడేళ్లు, అదీ ప్రయాణించిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్క. ఈ నిబంధనలో గంటలనూ మొత్తాలనూ మార్చాలన్న ప్రతిపాదనలు నడుస్తున్నాయి, మీరు వెళ్లే నాటికి ఏది అమల్లో ఉందో ఒకసారి చూసుకోండి. ఒకటి గమనించండి: రెండు గంటల యాభై నిమిషాల ఆలస్యానికి పరిహారం సున్నా, కానీ మీ దుబాయ్ విమానం తప్పించడానికి అది చాలు.

మిగిలినవి చిన్న చిన్న జాగ్రత్తలు. టికెట్ కొనేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ అని ఉంటే చాలదు, హాన్ అని ఉందేమో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. అసలు విమానాశ్రయానికి హౌప్ట్‌బాన్‌హోఫ్ (నగర ప్రధాన రైల్వే స్టేషన్) నుంచి ఎస్8, ఎస్9 రైళ్లలో పావుగంట లోపే. లిస్బన్‌లో విమానాశ్రయం నుంచే మెట్రో ఎర్ర లైన్ ఉంది. అలమేదాలో దిగి ఆకుపచ్చ లైన్ ఎక్కితే నగరం నడిబొడ్డున ఉన్న బైషా-షియాదుకు అరగంట. తిరుగు ప్రయాణం చౌక ఎయిర్‌లైన్ అయితే టెర్మినల్ 2 నుంచి ఉండొచ్చు. అక్కడికి మెట్రో లేదు, టెర్మినల్ 1 దగ్గర దిగి ఉచిత బస్సు ఎక్కాలి, దానికి ఇరవై నిమిషాలు అదనంగా పెట్టుకోండి. లిస్బన్ వెళ్లే విమానానికి పాస్‌పోర్ట్ తనిఖీ లేకపోయినా ముగ్గురూ అసలు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోవాలి. ఎయిర్‌లైన్ గుర్తింపు అడగొచ్చు, పోలీసులు ఎక్కడైనా అడగొచ్చు. జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసాతో పోర్చుగల్ వెళ్లొచ్చు, ఆ వీసా తేదీలూ బీమా తేదీలూ హైదరాబాద్ విమానం రోజు వరకు ఉన్నాయో లేదో చూడండి. మూడు గంటల విమానంలో చౌక టికెట్లకు భోజనం కొనుక్కోవాలి, పులిహోర డబ్బా నిరభ్యంతరంగా పట్టుకెళ్లొచ్చు. పెరుగు, నూనెలో తేలే ఆవకాయ మాత్రం భద్రతా తనిఖీలో ద్రవాల కింద లెక్కే, వంద మిల్లీలీటర్లు దాటితే తీసి పడేయొచ్చు. నాన్నగారికి బీపీ, షుగర్ మందులుంటే చేతి బ్యాగులోనే, ఒక రోజుకు సరిపడా ఎక్కువ పెట్టుకోండి.

దుబాయ్ విమానం టెర్మినల్ నంబరు కూడా ముందురోజు మళ్లీ చూసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త టెర్మినల్ 3 రావడంతో, ఇదివరకు టెర్మినల్ 2 నుంచి నడిచిన ఎయిర్‌లైన్స్‌ను అక్కడికి మార్చే ఏర్పాటు చేశారు. పాత ప్రింటవుట్ మీద ఉన్న నంబరును బట్టి ట్యాక్సీ ఎక్కొద్దు.